తల వెనక ఖాళీ జాగా

దెబ్బ తగిలిన రోజు నాకేమీ కాలేదు. ఏదో తేడాగా ఉందని తెలిసింది మర్నాటి పొద్దున. పళ్ళు తోముకుని, పుక్కిలించడానికి తల పైకెత్తబోయాను. తల లేవలేదు. చెంబు చేతిలోనే ఉంది, నీళ్ళు నోట్లోనే ఉన్నాయి, మెడ మాత్రం నాది కాదన్నట్టు బిగిసి కూర్చుంది. మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే నిలబడిపోతే, మా ఆవిడ సుగుణ వంటింట్లోంచి చూసి, "ఏంది, గట్ల నిలబడ్డరు? ప్రార్థన గిట్ల చేస్తున్నరా?" అంది. జవాబు చెప్పాలంటే నీళ్ళు ఉమ్మాలి, ఉమ్మాలంటే తల వంచాలి. చివరికి చొక్కా మీదే పోసుకున్నాను.

ఇది పందొమ్మిది వందల అరవైలు అయిపోవస్తున్న రోజుల మాట. నేను ఆబిడ్స్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో మాస్టర్‌ని. పేరు సామ్యేలు, కానీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకూ చుట్టుపక్కల దుకాణాలవాళ్ళకూ ఒట్టి మాస్టర్‌నే. పక్క సీట్లో కూర్చుని నేర్పడం నా పని. నా కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నా కుడిచెయ్యి వెంటనే స్టీరింగ్ మీద పడాలి, నా మెడ వెనక్కి తిరగాలి. ఈ రెండూ పనిచేస్తేనే నేను మాస్టర్‌ని. లేకపోతే ఊరికే కూర్చుని తిరిగే ప్యాసింజర్‌ని.

ముందురోజు సాయంత్రం నా పక్కన స్టీరింగ్ పట్టుకున్నది సరోజిని టీచర్. ఆమె హిమాయత్‌నగర్‌లో ఉండేవారు, బడిలో లెక్కలు చెప్పేవారు. వాళ్ళాయనకు చూపు ఏటికేడు తగ్గిపోతోంది. ఇంట్లో కారుంది, నడిపేవాళ్ళు లేరు. ఆయన కళ్ళు పూర్తిగా పోకముందే తాను బండి నేర్చుకోవాలని ఆమె పట్టుదల. మనిషి పొట్టి, కొప్పు పెద్దది. లెక్కల టీచరు కదా, గేరు మార్చేటప్పుడు కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవారు.

నాంపల్లి స్టేషన్ వైపు మలుపు తిరగబోతుండగా ఒక గుర్రపు టాంగా అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు తొక్కారు, క్లచ్చు మరిచారు, ఇంజను ఆగిపోయింది. "ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా, న్యూట్రల్ చేసి మల్ల స్టార్ట్ చెయ్యుండ్రి" అంటూ, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తల తిప్పాను. వస్తోంది. ఇటుకల లారీ. పెద్ద వేగం కూడా కాదు. ధన్‌మని తగిలింది. కారు ఒక్క గెంతు ముందుకు దూకింది. నా తల మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, సీటు అంచు మీదుగా వెనక్కి విరుచుకుపడి, మళ్ళీ ముందుకొచ్చింది. అంతా కలిపి ఒక తుమ్మంత సేపు.

లారీ డ్రైవరు దిగివచ్చి చేతులు జోడించాడు. మా బంపరు కొంచెం వంగింది, వెనక లైటు పగిలింది. రక్తం లేదు, వాపు లేదు. టీచరమ్మకు చిన్న గీత కూడా పడలేదు. "మీకేమన్న అయిందా మాస్టర్ గారూ?" అని అడిగిందే అడిగారు. "నాకేమైతది, మొండిఘటాన్ని" అని చెప్పి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపి ఇంటి దగ్గర దింపాను. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను.

కాబట్టి పొద్దున మెడ కదలకపోతే, రాత్రి తలగడ సరిగ్గా లేక పట్టేసిందనుకున్నాం. లారీకీ దీనికీ సంబంధం ఉంటుందని ఇద్దరికీ తోచలేదు. సుగుణ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది. మా స్కూలు పక్కనే ఒక మంగలి షాపు ఉండేది. నెత్తికి నూనె పెట్టి మర్దన చేసి, గడ్డం పట్టుకుని మెడను ఇటొకసారి అటొకసారి టక్కుమనిపించడంలో అక్కడి ఆయనది అందెవేసిన చెయ్యి. ఆబిడ్స్ బజారులో సగం మంది మెడలు ఆయన చేతిమీదుగా పోయినవే. నేనూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆయన గడ్డం మీద చెయ్యి వేసేసరికి కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. "వద్దు భాయ్, మల్ల వస్త" అని మెడకు గుడ్డ ఉండగానే లేచి వచ్చేశాను. అది తెలివి కాదు, ఒట్టి భయం. తర్వాత ఈ సంగతి విన్న డాక్టరు, "నీ భయానికి రోజు దండం పెట్టుకో" అన్నారు.

దవాఖానలో ఎక్స్-రే తీశారు. "ఫ్రాక్చర్ ఏమీ లేదు. స్ప్రెయిన్ అయి ఉంటుంది" అని మాత్రలు రాసి పంపారు. ఎముక విరగలేదంటే సంతోషించాలి. సంతోషించాను కూడా, ఇంటికి వచ్చేదాకా. ఆ తర్వాత ఎవరికి నొప్పి అని చెప్పినా, ఎక్స్-రేలో ఏముందని అడగడమే. మా స్కూలు యజమాని నరహరి గారు చెడ్డ మనిషి కాదు. ఆయనే, "ఫోటోల ఏం లేదన్నరు గద మాస్టర్, ఇంక ఏంది? జర బయట తిరిగితే అదే పోతది" అన్నారు. కట్టు కట్టుకున్నవాడి నొప్పిని లోకం నమ్ముతుంది. నాకు చూపించడానికి ఏమీ లేదు.

పనిలోకి వెళ్ళాను. మెడ తిప్పలేక, పక్కకు చూడాలంటే నడుముతో సహా నిలువెల్లా తిరిగేవాణ్ణి. సాయంత్రానికి తల వెనక నుంచి నుదుటిదాకా నొప్పి పాకేది. కళ్ళు తిరిగేవి. ఒకరోజు ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే కప్పు చేతిలోంచి జారి బల్ల మీద పడింది. జారిందని నాకు తెలిసింది చప్పుడు విన్నాకే. చూస్తే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. అక్కడే కూర్చుని వేళ్ళు ముడిచాను, తెరిచాను. పట్టు లేదు. స్టీరింగ్ మీద పడాల్సిన చెయ్యి అది. ఆ రోజు నిజంగా భయపడ్డాను, ఇంటికి వచ్చి సుగుణ ముందు ఏడ్చాను.

సుగుణ అన్న ఇశ్రాయేలు మెదక్ నుంచి వచ్చి, తనకు తెలిసిన ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పేరు రాయొద్దన్నారు కనక రాయడం లేదు. ఆయన ముందు ఎక్స్-రే చూడలేదు, నన్ను చూశారు. సూదితో వేళ్ళు గుచ్చి అడిగారు, చిన్న సుత్తితో మోచెయ్యి మీద తట్టారు. "ఈ నెలల ఏమన్న దెబ్బ తగిలిందా?" అన్నారు. లేదన్నాను. "కారును లారీ గుద్దింది గద!" అని బావ పక్కనుంచి అందుకున్నాడు. "అది కారుకు తగిలింది, నాకు కాదు" అన్నాను నేను. డాక్టరు నవ్వి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"టాంగావాడి కొరడా చూసినవా? పిడి ముందటికి గుంజితే కొస వెనక్కి పోయి ఝాడించి వస్తది. ఆ దినం నీ ఒళ్ళు పిడి, నీ తల కొస. నడుమ ఈ మెడ. దీన్ని విప్‌లాష్ అంటం. లిగమెంట్లు, మజిల్స్ సాగినయి, ఒక నర్వ్ మీద ఒత్తిడి ఉన్నది. నువ్వు తల తిప్పి ఉన్నవు కాబట్టి ఇంక జాస్తి అయింది."

"మరి ఎక్స్-రేల ఏం లేదన్నరు సార్?"

"ఎక్స్-రేల ఎముక కనబడతది. నొప్పి కనబడదు. నీకు నొప్పి ఉన్నది, నేను చెప్తున్న."

ఆ ఒక్క మాటతో నా సగం జబ్బు తగ్గిందంటే నమ్మండి. ఇన్నాళ్ళూ నేను అబద్ధాలకోరునేమోనని నాకే అనుమానం వచ్చేసింది.

పనిలోకి ఎప్పుడు పోవచ్చని అడిగాను. ఆయన తన రెండు వేళ్ళు నా చేతికిచ్చి గట్టిగా పిసకమన్నారు. పిసికాను. ఆయన ముఖంలో మార్పేమీ లేదు. "ఇవి నొప్పి పుట్టేటట్టు పిసికిననాడు పో. కానీ ఒక మాట. గిట్లాంటిదే ఇంకొక దెబ్బ తగిలితే ఈ చేతికి నేను జిమ్మేదారీ తీసుకోను" అన్నారు. రోజూ కొత్తవాళ్ళ పక్కన కూర్చునేవాడికి ఇంకో దెబ్బ తగలదని ఎవరు రాసిస్తారు?

మెడ కదలకుండా సర్వైకల్ కాలర్ అని ఒక గట్టి పట్టీ పెట్టారు. ఫిజియోథెరపీలో షార్ట్ వేవ్ డయాథెర్మీ, అంటే కరెంటు మిషనుతో లోపలిదాకా వేడి పెట్టడం. కాలర్‌తో ఆబిడ్స్‌లో నడుస్తుంటే ప్రతి దుకాణం నుంచీ పలకరింపే. "ఏంది మాస్టర్, గా పట్టా ఏంది? మీ ఇంట్ల కట్టేసి ఉంచుతున్నరా?" అని ఒకాయన. నవ్వుదామంటే నవ్వితే కూడా మెడ లాగేది. కిందికి చూడలేను కనక సుగుణ పీట మీద పీట పేర్చి పళ్ళెం నోటి ఎత్తుకు తెచ్చేది. చేపల పులుసు వండిన రోజు ముళ్ళు తనే తీసి పెట్టేది. చిన్నపిల్లాడిలా తినిపించుకుంటున్నానని నేను విసుక్కుంటే, "విసుక్కునేదానికి మెడ అక్కెర లేదు గదా, బాగనే విసుక్కుంటున్నరు" అనేది.

సరోజిని టీచర్ ప్రతి ఆదివారం వచ్చేవారు, భర్త చెయ్యి పట్టుకుని. ఆయన మా గడప ఎత్తును కాలితో వెతుక్కుంటూ లోపలికి వచ్చేవారు. ఆమె సంచీలో ఏదో ఒక పండు ఉండేది, కళ్ళల్లో నీళ్ళుండేవి. "క్లచ్చు తొక్కితే ఇంజన్ ఆగకపోయేది. ఇంజన్ ఆగకపోతే మీకు గిట్ల కాకపోయేది" అని లెక్క కట్టినట్టు చెప్పేవారు. కారు షెడ్డుకు తాళం వేసేశారట. "ఇంకొకళ్ళ మెడ విరిచి నేనేం నేర్చుకుంట మాస్టర్ గారూ? వద్దు." ఆయన పక్కనే కూర్చుని, "రిక్షాలు లేవా ఏంది ఊళ్ళె" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు మెడ నొప్పి కన్నా ఎక్కువ బాధ పెట్టేది. నేను మళ్ళీ మాస్టర్ సీట్లో కూర్చోకపోతే ఆమె నడిపే సీట్లో కూర్చోరు. అది ఆమె అనలేదు, నాకే తెలుస్తోంది.

నెమ్మదిగా తిమ్మిరి తగ్గింది. తల నొప్పి లేని రోజులు వచ్చాయి. అప్పుడు మా ఇశ్రాయేలు బావ కృతజ్ఞత కూడిక పెడదామన్నాడు. మా చర్చివాళ్ళల్లో అది ఆనవాయితీ. ఇంట్లో ఎవరికైనా జబ్బు నయమైతే సంఘమంతా ఆ ఇంటికి వస్తుంది. పాటలు, ప్రార్థన, నయమైన మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం, చివర భోజనాలు. నాకు మాత్రం ఇష్టం లేకనా? దేవుడికి చెప్పుకోవాల్సింది నా దగ్గర చాలా ఉంది.

అందరూ వచ్చి చాపల మీద సర్దుకున్నాక, బావ నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. "మెడల గా పట్టా పెట్టుకొని 'నాకు బాగైంది' అని ఎట్ల చెప్తవ్ బావా? ఇనేటోళ్ళు ఏమనుకుంటరు?" అన్నాడు.

"డాక్టర్ తియ్యమనలే అన్నా" అంది సుగుణ.

"ఒక గంట. గంటల ఏమైతది?"

నాకూ ఆ మాటే నచ్చింది. కాలర్ విప్పి సుగుణ చేతికిచ్చాను. బయటికి వచ్చి నిలబడితే మెడ చల్లగా, తేలిగ్గా అనిపించింది. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. సాక్ష్యం బాగానే చెప్పాను. తర్వాత మోకాళ్ళ మీద ప్రార్థన. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు నా మెడ కోసం ప్రార్థన చేశారు. నా మెడ కోసమే కదా, మధ్యలో ఎలా ఎత్తను? వంచిన తల వంచినట్టే ఉంచాను. చివరి పెద్దాయన మరీ ప్రేమగలవాడు, ఒక చెయ్యి నా తల మీద పెట్టి, ఆవేశం వచ్చినప్పుడల్లా దాన్ని కిందికి నొక్కుతూ ప్రార్థించాడు. ఆ పైన వచ్చినవాళ్ళందరూ కౌగిలించుకుని వీపు చరిచి అభినందించారు.

మర్నాడు మంచం దిగలేకపోయాను. వేళ్ళు మళ్ళీ తిమ్మిరి. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. దవాఖానలో చేర్చి ట్రాక్షన్ పెట్టారు. గడ్డం కింద ఒక పట్టీ, తల వెనక ఒక పట్టీ, వాటికి తాడు, మంచం తల వైపు గిలక మీదుగా వేలాడే బరువు.

డాక్టరు వచ్చి, "కాలర్ ఎవరు తియ్యమన్నరు?" అని అడిగారు. జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన తాడు సరిచేస్తూ, "నీ మెడల కాలర్ ఉన్నదని దేవునికి తెల్వదా? ఆయన ముందట దాపరికం ఎందుకు?" అన్నారు. తర్వాత బావ వైపు తిరిగి, "ఇప్పటి సంది ఇతని కాలర్ మీ డ్యూటీ" అన్నారు. బావ మెదక్ వెళ్ళడం మానేశాడు. మంచం పక్కనే కూర్చుని, చూడడానికి వచ్చిన ప్రతివాడికీ, "ముట్టొద్దు, దూరంకెళ్ళి ప్రార్థన చెయ్యుండ్రి" అని కాపలా కాశాడు. నా మీద కోపమొచ్చిన రోజు కూడా ఆ కుర్చీ వదల్లేదు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

ట్రాక్షన్‌లో ఉన్నవాడికి పైకప్పు తప్ప కనిపించేదేమీ లేదు. డాక్టరు రౌండ్స్ అయ్యాక నాలుగు మాటలు మాట్లాడి పోయేవారు. ఒకరోజు, "నీ పక్కన ఉన్నామెకు ఏమీ కాలేదన్నవు గదా. ఎందుకు కాలేదు?" అని అడిగారు.

"అదృష్టం సార్."

"ఎంత ఎత్తు ఉంటది ఆమె?"

నా భుజం దాకా అన్నాను. సీటు వీపు ఎక్కడిదాకా వస్తుందని అడిగారు. నాకైతే భుజాల కిందికే, నేను తాటిచెట్టంత మనిషిని. ఆమెకైతే మెడ దాకా వస్తుంది, కొప్పు సరిగ్గా సీటు అంచు మీద ఆనుకుంటుంది. ఆ మాట చెబుతుండగానే నాకు సంగతి తట్టింది. డాక్టరు తల ఊపారు.

"ఆమె తల వెనక ఆపేది ఒకటి ఉన్నది. నీ తల వెనక ఖాళీ జాగా ఉన్నది. దెబ్బ ఒక్కటే, జాగాల ఫరక్ ఉన్నది. బయటి దేశాలల్ల కొన్ని కార్లకు ముందటి సీట్ల మీద, తల వెనక, ఇంకొక చిన్న సీటు లెక్క పెడుతున్నరు. హెడ్ రెస్ట్రెయింట్ అంటరు. నువ్వు పనిలకు పోవాలంటే అది పెట్టుకొని పో. లేకుంటే ఇంకో పని చూసుకో."

దవాఖాన నుంచి ఇంటికి వచ్చి, తిరిగే ఓపిక రాగానే నరహరి గారికి చెప్పాను. నన్ను ట్రాక్షన్‌లో చూశాక ఆయన ఎక్స్-రే ఫోటో మాట ఎత్తడం మానేశారు. "చేపిద్దాం మాస్టర్, మీరు లేక నాకు నిద్ర లేదు" అని నన్ను గౌలిగూడలో సీట్లు కుట్టే దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడ మేమిద్దరం ఎంత వివరించినా కుట్టే ఆయనకు అర్థమైందీ, నిజం చెప్పాలంటే మాకు అర్థమైందీ ఒకటే: కారులో తల వాల్చడానికి ఒక దిండు. ఎర్ర రెగ్జిన్‌తో, మెత్తటి దూదితో, మెడ వంపులో ఒదిగేలా గుండ్రటి దిండు కుట్టి సీటుకు కట్టారు. హాయిగా ఉంది. అది చూసినవాళ్ళు, "ఔ మాస్టర్, ఇంక కార్లనే పండుకుంటరా?" అన్నారు.

కారును తిన్నగా దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు తెల్ల కోటుతోనే కిందికి దిగివచ్చి, ఓపీ జనమంతా చూస్తుండగా నా సీట్లో కూర్చున్నారు. తల వెనక్కి వాల్చారు. తల దిండు మీదుగా వెనక్కి పోయింది. "ఇది మెడ కింద దిండు. దెబ్బ తగిలితే తల దీని మీదనుంచి ఇంక బాగ వెనక్కి విరుగుతది. ఇది లేకుంటేనే నయం" అన్నారు. నన్ను కూర్చోబెట్టి, నా చెవుల పైభాగం ఎత్తుకు తన అరచెయ్యి పెట్టి చూపించారు. "ఇక్కడి దాకా రావాలె. మెడకు కాదు, తలకు. తలకు దగ్గరగ ఉండాలె, నడుమ నాలుగు వేళ్ళ సందు కూడ వద్దు. మెత్తగ వద్దు, గట్టిగ ఉండాలె. పండుకునేదానికి కాదు ఇది, ఆపేదానికి."

మళ్ళీ గౌలిగూడ. ఈసారి లోపల చెక్క పలక, సీటు వీపులోకి దిగే ఇనప కడ్డీలు, పైన కొంచెం కొబ్బరి పీచు. నాకు కొలత తీస్తుంటే నరహరి గారు, "మీ ఒక్క సీటుకు చాలు గద?" అన్నారు. దెబ్బ తగిలింది నాకే కాబట్టి నేనూ అంతే అనుకున్నాను. ఇంట్లో చెబితే సుగుణ చేస్తున్న పని ఆపి, "మరి పక్కన నడిపేటోళ్ళకు తల లేదా?" అంది. రెండు సీట్లకూ చేయించాం. నడిపే సీటుది పైకీ కిందికీ జరిగేలా, ఎందుకంటే నేర్చుకోవడానికి అన్ని ఎత్తుల మనుషులూ వస్తారు.

డాక్టరు వేళ్ళు నేను గట్టిగా పిసికి ఆయన "అబ్బా" అన్న రోజు, కారు తీసుకుని హిమాయత్‌నగర్ వెళ్ళాను. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి కారును చూశారు, నన్ను చూశారు. "దిగుండ్రి, చాయ్ తాగి పోదురు" అన్నారు. "చాయ్ తర్వాత. క్లాసు టైమైంది" అన్నాను. ఆమె రానన్నారు. లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది: "పో సరోజా. నాకు రిక్షాలంటే ఇష్టం లేదు." అంతవరకు ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదట.

ఆమె వచ్చి కూర్చున్నారు. మొదటి చిక్కు కొప్పు. అంత పెద్ద కొప్పుకు వెనక పలక తగిలి తల ముందుకు వంగిపోయింది. నిర్మొహమాటంగా చెప్పాను, రేపటినుంచి జడ వేసుకు రమ్మని. "ఈ వయసుల జడనా?" అని నవ్వారు. దెబ్బ తగిలాక ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు.

పనిలో పడ్డాను, కానీ మెడ వెనక్కి తిరగలేదు. నడుముతో తిరిగేవాణ్ణి, అద్దంలో చూసేవాణ్ణి. డాక్టరు పరీక్ష చేసి, "మెడల ఏం అడ్డం లేదు. నొప్పి పోయింది, భయం మిగిలింది. దానికి నా దగ్గర కాలర్ లేదు" అన్నారు.

టీచరమ్మ లైసెన్సు పరీక్ష దగ్గర పడ్డాక ఒక సాయంత్రం చాదర్‌ఘాట్ వంతెన మీద ఆగి ఉన్నాం, ముందు బండ్లు కదలక. బ్రేకు ఆమె సరిగ్గానే వేశారు, ఇంజను నడుస్తూనే ఉంది. వెనకనుంచి ధన్‌మంది. కారు ముందుకు తోసుకుపోయింది. నా తల వెనక్కి పోయింది, పలకకు తగిలింది, ఆగింది. అంతే. పక్కకు చూస్తే ఆమె తలా అంతే, జడ భుజం మీద పడి ఉంది. గుద్దింది డబల్ రొట్టెల వ్యాను, బేకరీ బ్రెడ్డు మోసేది. ఆ దెబ్బ మొదటి దెబ్బంత గట్టిదో కాదో నేను కొలవలేను, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పను. మా వెనక లైటు మాత్రం మళ్ళీ పగిలింది.

ఏడుస్తారేమో అనుకున్నాను. ఆమె కారును జాగ్రత్తగా పక్కకు తీశారు, హ్యాండ్ బ్రేకు వేశారు, దిగి వెనక్కి నడిచారు. "కండ్లు ఎక్కడ పెట్టి తోలుతున్నవయ్యా? మా మాస్టర్ ప్రాణమంత మెడలనే ఉన్నది! మనుషులనుకున్నవా, రొట్టెలనుకున్నవా?" అని వ్యాను డ్రైవరును ఉతికి ఆరేస్తున్నారు. మావాళ్ళ ప్రార్థనల్లో కూడా నా మెడ కోసం అంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. నవ్వుకుంటూ చూస్తున్నాను, ఆమె చెయ్యి ఊపడం, అతను టోపీ తీసి నిలబడడం. చాలాసేపు చూశాక తెలిసింది, నేను చూస్తున్నది అద్దంలో కాదని. నా భుజాలు ముందుకే ఉన్నాయి. తల మాత్రం కారు వెనక కిటికీ వైపు తిరిగి ఉంది. నెమ్మదిగా ముందుకు తిప్పుకున్నాను, మళ్ళీ వెనక్కి తిప్పాను. ఆ వంతెన మీదే కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, తల వంచకుండా.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. చలికాలం పొద్దున మెడ కొంచెం బిగుస్తుంది, వేడి కాపడంతో పోతుంది. ఇప్పటికీ అదే స్కూల్లో, అదే పక్క సీట్లో ఉన్నాను. డాక్టరు, సుగుణ, బావ, కుట్టి మళ్ళీ కుట్టిన గౌలిగూడ ఆయన, వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా ఉండేవాణ్ణి కాదు.

మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే. కారు ఉన్నవాళ్ళు తల వెనక పలక చేయించుకోండి, చెవి పైభాగం ఎత్తుకు, తలకు దగ్గరగా. పలక ఇప్పటికే ఉన్నవాళ్ళు బండి కదిలే ముందు అది సరైన ఎత్తులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. టీచరమ్మ వాళ్ళాయనకు ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. ఆమె తమ కారుకు కూడా పలకలు పెట్టించారు, సాయంత్రాలు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతారు. కారెక్కగానే ఆయన తన తల వెనక చెయ్యి పెట్టి పలకను తడుముతారు, చెవి ఎత్తు చూసుకుంటారు, తర్వాత చెయ్యి చాచి ఆమె తల వెనకది కూడా తడిమి చూస్తారు. చూసి, "ఆఁ, పోనియ్యి సరోజా" అంటారు. ఆయన ఆ మాట అనేదాకా ఆమె ఇంజను స్టార్ట్ చెయ్యరు.